3.8 సెకన్ల సీల్‌కా, జర్మన్ బండికా? హన్మకొండలో ఉండేవాళ్లు జర చెప్పండి

హంటర్‌రోడ్_వాసి:

అన్నలూ తమ్ముళ్లూ, నెల రోజులుగా ఇదే ఆలోచన, ఇంట్లో వాళ్లు నా మొహం చూసి నవ్వుతున్నారు. ఎనుమాముల దగ్గర మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోవాలి, చాలాసార్లు పొద్దున పోయి రాత్రికే ఇంటికి వస్తాను, అంటే రానూపోనూ 300 కిలోమీటర్లు. ఇప్పుడున్నది 2014 ఆక్టేవియా డీజిల్, లక్షా డెబ్బై వేలు తిరిగింది. ఇంకా పరుగెడుతోంది, కానీ దానికీ నాకూ వయసు మీద పడింది. ఎస్‌యూవీ తీసుకోమని మాత్రం ఎవరూ చెప్పొద్దు, ఆ లొల్లి ఇంట్లోనే సరిపోతోంది. నాకు కింద కూర్చుని నడిపే బండే కావాలి.

బడ్జెట్ అన్నీ కలిపి 60 లక్షలు అనుకున్నాను, గట్టిగా లాగితే 70 దాకా పోతాను. రెండు చూశాను. ఒకటి చైనా వాళ్ల ఎలక్ట్రిక్ బండి బీవైడీ సీల్, అందులో పెర్ఫార్మెన్స్ రకం. 2024 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు మూడు రకాల ధరలూ 41, 45.55, 53 లక్షలు పెట్టారు, నేను నడిపింది ఆ 53ది. 530 హార్స్ పవర్, 670 టార్క్ (లాగే బలం), నాలుగు చక్రాలూ లాగుతాయి, సున్నా నుంచి వందకు 3.8 సెకన్లు. రెండోది బీఎండబ్ల్యూ 330ఎల్ఐ, ఆ పొడుగు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న 3 సిరీస్. 258 హార్స్ పవర్, వందకు 6.2 సెకన్లు, షోరూం ధరే 60 అటుఇటు. మెర్సిడెస్ సీ క్లాస్ చూశాను గానీ నడపలేదు. ఆడి ఏ4 మా బావకు ఉంది, తెలిసిన బండే.

సీల్ నడిపినప్పుడు పక్కనున్న సేల్స్ కుర్రాడు "సార్, తల వెనక్కి సీటుకు ఆనించుకోండి" అన్నాడు. ఎందుకంటున్నాడో అనుకున్నాను. ఔటర్ మీద ముందు వెనక ఖాళీ చూసుకుని ఒక్కసారి తొక్కితే పొద్దున తిన్న ఇడ్లీ వెన్నుకు తగిలింది. చప్పుడు లేదు, గేర్ మారడం లేదు, ఏమీ లేదు, రోడ్డే వెనక్కి పోయినట్టుంది. ఇరవై నిమిషాల తర్వాత 330ఎల్ఐ ఎక్కి తొక్కితే నిజం చెబుతున్నా, ఇదేంటి ఇంత నింపాదిగా ఉంది అనిపించింది. కానీ తిరిగొచ్చేటప్పుడు మాత్రం బీఎండబ్ల్యూలో చేతులు హాయిగా ఉన్నాయి. దాన్ని ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

బాపుకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, నెలకోసారి ఆయన్ని హైదరాబాద్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. సీల్ పేరు చెబితే "సీల్ ఏందిరా, రిజిస్ట్రారాఫీసుల ముద్రా?" అన్నాడు. చౌరస్తాలో టీ తాగే బ్యాచ్ అయితే చైనా బండికి 50 లక్షలు పోసేవాడివి నువ్వొక్కడివే అని ఒకటే నవ్వులు.

మూడు సంగతులు తేల్చుకోవాలి. ఆ 3.8 సెకన్లు రోజూ పనికొస్తాయా, లేక మొదటి నెల మురిపెమేనా? మన రోడ్లకు, మన స్పీడ్ బ్రేకర్లకు ఇంత కిందికున్న బండి బతుకుతుందా? ఐదేళ్ల తర్వాత ఏది నన్ను ఏడిపిస్తుంది? నడిపినవాళ్లు చెప్పండి, యూట్యూబ్ చూసి చెప్పేవాళ్లు వద్దు.


ఆరుసిలిండర్లు:

సుబేదారిలో ఉంటాను, బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లోనే ఎం340ఐ నడుపుతాను, కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుందని ముందే చెబుతున్నా.

సూటిగా పోయే రోడ్డు మీద సీల్ పెర్ఫార్మెన్స్ నా బండిని దాటేస్తుంది. మాది మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోల్, 374 హార్స్ పవర్, వందకు 4.4 సెకన్లు, షోరూం ధర 70 దాటింది. అంటే దాదాపు 20 లక్షలు ఎక్కువ పోసి అర సెకను పైనే వెనకబడ్డాను. ఈ లెక్క ఒక్కటే చూసేవాడికి నా దగ్గర జవాబు లేదు, రాసిచ్చేయొచ్చు.

కానీ నువ్వు "చేతులు హాయిగా ఉన్నాయి" అన్నావు చూడు తమ్మీ, అసలు విషయం అక్కడే ఉంది. పస్రా దాటాక తాడ్వాయి అడవిలోంచి ఏటూరునాగారం పోయే రోడ్డు తెలుసు కదా. వాన వెలిసిన పొద్దున, రోడ్డు మీద ఇంకా టేకాకులు అంటుకుని ఉన్నప్పుడు ఒకసారి పోయి చూడు. మలుపులోకి దింపుతుంటే ముందు చక్రాల కింద తడి ఎంతుంది, పట్టు ఎంతుంది అన్నది స్టీరింగ్ బరువులోనే తెలుస్తుంది. కొంచెం ఎక్కువ వేగంతో వచ్చావంటే, కంటికి కనబడకముందే అరచేతికి తెలుస్తుంది. 3 సిరీస్ పుట్టింది 1975లో. యాభై ఏళ్లుగా ఒకే బండిని చెక్కుకుంటూ వచ్చినవాళ్ల పనితనం అది. ముందు చక్రాల మీద సగం, వెనక చక్రాల మీద సగం బరువు పడాలని ప్రాణం పెడతారు వాళ్లు.

సీల్‌ని నేను కూడా నడిపాను, ఒక స్నేహితుడిది, ఒక పూట మొత్తం. చెడ్డ బండి కాదు, ఆ మాట అనేవాడు నడపనివాడు. బ్యాటరీ అడుగున పరిచి ఉంటుంది కాబట్టి మలుపులో పక్కకు వాలదు, రోడ్డును పట్టుకునే ఉంటుంది. కానీ రెండు టన్నులు దాటిన బరువు. నా బండికీ దానికీ మూడు నాలుగు క్వింటాళ్ల తేడా ఉంటుంది. నీకు బస్తాల్లో చెప్పాలంటే డిక్కీలో ఎనిమిదో తొమ్మిదో మిర్చి బస్తాలు ఎప్పుడూ వేసుకుని తిరుగుతున్నట్టు. సూటి రోడ్డు మీద మోటార్లు ఆ బరువును కనిపించనివ్వవు. వరుసగా రెండు మలుపులు వచ్చినప్పుడు, ఒకవైపు నుంచి ఇంకోవైపుకు తిప్పేటప్పుడు మాత్రం నాకు తెలిసింది. స్టీరింగ్ తేలిగ్గా, చురుగ్గానే ఉంది, కానీ కబురు చెప్పదు.

ఇక ఆ 3.8 సంగతి. మొదటి నెల ఎక్కినవాళ్లందరికీ చూపిస్తావు. రెండో నెల మీ ఆవిడ కడుపులో తిప్పుతోంది ఆపమంటుంది. ఆ తర్వాత టోల్ గేట్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేయడానికి వాడతావు, దానికి 330ఎల్ఐలో ఉన్నదీ సరిపోతుంది.

నా బాధ కూడా విను మరి. పోయిన వానకాలం జనగామ దగ్గర నీళ్లు నిండిన గుంతలో పడి ముందు ఎడమ టైరు పక్క గోడ చీలింది. రాత్రి తొమ్మిదిన్నర. ఆ సైజు టైరు వరంగల్ మొత్తం వెతికినా దొరకలేదు. మర్నాడు హైదరాబాద్ నుంచి తెప్పించే దాకా బండి ఒక దాబా ముందు నిలబడింది, దాబా ఆయన దానికి కాపలా కాసినందుకు నాతో రెండు బిర్యానీలు కొనిపించాడు. పెట్రోల్ సంగతి అడగకు. హైవే మీద పద్ధతిగా పోతే లీటరుకు 11, 12 వస్తుంది, హన్మకొండలో ఆరో ఏడో. నీ 300 కిలోమీటర్ల ట్రిప్పుకు లీటరు పెట్రోల్ 107 రూపాయలు అనుకున్నా 2,800 దాకా అవుతుంది. వారానికి రెండుసార్లంటే నువ్వే గుణించుకో.


కరెంటుబండి_కరీంనగర్:

సీల్ ప్రీమియం నాది, 45.55ది. ఏడాది దాటింది. పై అన్న చెప్పిన దాంట్లో స్టీరింగ్ మాటకు ఒప్పుకుంటా, మిగతాది కొంచెం చెప్పనివ్వండి.

ముందు ఒక మాట. 53ది ఎందుకు చూస్తున్నావన్నా? బ్యాటరీ రెండిట్లోనూ ఒకటే, 82.56 కిలోవాట్ అవర్లు. పెర్ఫార్మెన్స్‌లో ముందు ఇంకో మోటార్ పెడతారు కాబట్టి కంపెనీ చెప్పే రేంజ్ 650 నుంచి 580కి పడిపోతుంది. ప్రీమియం వెనక చక్రాలతోనే నడుస్తుంది, 313 హార్స్ పవర్, వందకు 5.9 సెకన్లు. అంటే నువ్వు చూసిన 330ఎల్ఐ కంటే ఇదే ముందు. ఆ మిగిలే ఏడున్నర లక్షలతో ఇంట్లోవాళ్లకు ఇంకో చిన్న కారు వస్తుంది.

నీకు 41 లక్షలది మాత్రం వద్దు, దాని బ్యాటరీ 61.44. నువ్వు ఏసీ వేసుకుని వందలో పోయి, అదే రోజు తిరిగి రావాలంటే చివర్లో మీటర్ చూసుకుంటూ నడపాల్సి వస్తుంది. నా బండి హైవే మీద వంద స్పీడులో కిలోమీటరుకు 165 నుంచి 180 వాట్ అవర్లు తింటుంది, 120 పట్టుకుంటే ఇంకా ఎక్కువ. అంటే నిజమైన రేంజ్ 450 పైన. కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోయి, అక్కడ రెండు మూడు పనులు చూసుకుని, ఛార్జింగ్ పెట్టకుండా ఇంటికి వచ్చేస్తాను. కాలు బరువు తక్కువుంటే ఇంకో 25 శాతం మిగులుతుంది కూడా.

ఛార్జింగ్: ఇంట్లో 7 కిలోవాట్ల ఛార్జర్ డబ్బా. రాత్రి తొమ్మిదికి పెడితే పొద్దున తొమ్మిదికి ఫుల్. రోజూ ఖాళీ అయ్యేదాకా తిప్పం కాబట్టి మామూలుగా అయిదారు గంటలు చాలు. ఇది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ, నికెల్, కోబాల్ట్ ఉండవు, వేడిని బాగా ఓర్చుకుంటుంది. మన దగ్గర మే నెలలో, రామగుండం వైపు పోతే మరీను, రోడ్డు మీద ఏ ఎండ ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంకో లాభం ఏందంటే 80 శాతం దగ్గర ఆపాలి అన్న టెన్షన్ లేదు, వారానికోసారి వంద దాకా పెట్టమని వాళ్లే చెబుతారు.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో, ఇంటి మీటర్ మీదే నడిపితే నీ స్లాబ్ పైకి పోతుంది, నెలకు 400 యూనిట్లు దాటిన దగ్గర్నుంచి యూనిట్ 9 రూపాయల పైనే. ఈవీకి విడిగా మీటర్ తీసుకో, ఆ రేటు చాలా తక్కువ. సాంక్షన్డ్ లోడ్ పెంచుకుని త్రీఫేజ్ పెట్టించుకో. కోల్డ్ స్టోరేజీ నడిపేవాడివి, కరెంటోళ్ల లెక్కలు నాకంటే నీకే బాగా తెలిసుంటాయి. విద్యుత్ భవన్ మీ నక్కలగుట్టలోనే ఉంది, మాలాగా ఎక్కడికో తిరిగే పని కూడా లేదు.

హైవే ఛార్జర్ల గురించి అడుగుతారు అందరూ. బండి 150 కిలోవాట్ల దాకా తీసుకోగలదు, కానీ మన దారుల్లో హోటళ్ల దగ్గర, బంకుల్లో ఉన్నవి ఎక్కువ 30, 60వే. 30 దాని మీద సగం నింపాలంటే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపు బిర్యానీ ఎంత నెమ్మదిగా తిన్నా సరిపోదు. కాబట్టి ఇంట్లో ఛార్జర్ పెట్టుకోలేనివాడు ఈ బండి తీసుకోకూడదు, అంతే.

కిందికుండటం గురించి: నిజమే, తక్కువ. నలుగురు కూర్చుని లగేజీ పెడితే మా ఊరి బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కించుకుంటాను. అలవాటైపోయింది.


దుర్గం_చెరువు_బావ:

చైనా బండి కొని రేపు వాళ్లు దుకాణం సర్దుకుని పోతే బ్యాటరీని పొలంలో మోటర్‌కు పెట్టుకుంటావా 😂


ఆరుసిలిండర్లు:

బావా, మెర్సిడెస్‌లో అన్నిటికంటే పెద్ద వాటాదారు ఎవరో చూసిరా, చైనా ప్రభుత్వ కార్ల సంస్థ బీఏఐసీ. వోల్వోని 2010లోనే గీలీ కొనేసింది. సీల్ బొమ్మ గీయించిన వోల్ఫ్‌గాంగ్ ఎగ్గర్ ఏమో ఆల్ఫా రోమియోలో, ఆడిలో డిజైన్ చూసి వచ్చిన మనిషి. ఎవరిది ఏ దేశమో తేల్చాలంటే ఇప్పుడు కులం సర్టిఫికెట్ అడగాలి. సర్దుకుని పోతే ఏంటి అన్నది మాత్రం సరైన ప్రశ్నే, ఎగతాళిగా అడిగావు అంతే.


జాకీకింద:

ములుగు రోడ్డులో గ్యారేజీ నాది, 22 ఏళ్లుగా బండ్లను కింది నుంచి చూస్తున్నా. మీరందరూ పైనుంచి చూసి మాట్లాడుతున్నారు.

తమ్మీ, బ్రేకర్ ప్రశ్నకు షోరూం కాగితం మీద జవాబు దొరకదు. దాంట్లో రాసేది ఖాళీ బండి ఎత్తు. నలుగురు ఎక్కాక ఎంత దిగుతుంది, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఎంత పొడుగుంది, ఆ రెండూ కలిపి చూడాలి. సీల్ వీల్‌బేస్ 2,920 మిల్లీమీటర్లు, నువ్వు చూసిన 330ఎల్ఐది 2,961. రెండూ పొడుగే. పొడుగు బండి బ్రేకర్ ఎక్కితే నడుము దగ్గర తగులుతుంది, బంపర్ దగ్గర కాదు. పెట్రోల్ బండికి నడుము దగ్గర ఉండేది సైలెన్సర్ గొట్టం, ప్లాస్టిక్ కవర్లు. రాసుకుంటే ఒక బోల్ట్, ఒక క్లిప్ పోతాయి, నా దగ్గరికి వస్తే సాయంత్రానికి పంపిస్తా. కరెంటు బండికి అదే చోట ఉండేది బ్యాటరీ పెట్టె. సీల్‌లో అయితే బ్యాటరీ పైకప్పే కారు ఫ్లోర్, బాడీలో కలిపేశారు. గట్టిదే, దాంట్లో డౌట్ లేదు, యూరప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు వచ్చిన బండి. కానీ దానికి తగిలిందంటే నేను చెయ్యి పెట్టను, ఇంకే లోకల్ మెకానిక్ కూడా పెట్టకూడదు, హై వోల్టేజీ అది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బ్యాటరీకి, అడుగుకు తగిలిన దెబ్బలకు కవర్ ఉందా లేదా అన్నది పాలసీ కాగితంలో చదువుకో, ఏజెంట్ మాట వినకు.

ఒక పని చెయ్యి. మీ వీధిలో అన్నిటికంటే చెడ్డ బ్రేకర్ ఏదో నీకు తెలిసే ఉంటుంది, ఏ ఇంటాయనో కాంట్రాక్టర్‌తో చెప్పి తన గేటు ముందు పోయించుకున్నది. టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటికి పంపమను, 50 లక్షల బండి అమ్మేవాళ్లు పంపిస్తారు. మీ బాపును, ఇంట్లోవాళ్లను, నిండు బ్యాగులను ఎక్కించు. బ్రేకర్ మీద ఒక సుద్ద ముక్క అరగదీసి బాగా రుద్దు. నెమ్మదిగా సూటిగా దాటించు, తర్వాత కిందికి వంగి చూడు. సుద్ద ఎక్కడ అంటిందో అదే నీ జవాబు. రెండు బండ్లకూ చెయ్యి. మా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ఇదే చెప్తా, ఇప్పటిదాకా ఇద్దరు బండి మార్చుకున్నారు.

అయిదేళ్ల తర్వాత ఏది ఏడిపిస్తుంది అన్నావు. పేర్లు చెప్పను గానీ వారంటీ దాటిన యూరప్ పెట్రోల్ బండ్లు నా దగ్గరికి వచ్చేది దాదాపు ఒకే జబ్బులతో: కూలెంట్ గొట్టాల ప్లాస్టిక్ మూతులు ఎండకు పెళుసెక్కి పగలడం, గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ, ముందు సస్పెన్షన్ బుష్‌లు. సామాను ఖర్చు ఒక ఎత్తు, సామాను వచ్చేదాకా ఆగడం ఇంకో ఎత్తు. కానీ దొరుకుతుంది. ఏదో ఒకచోట, కొత్తదో పాతదో దొరుకుతుంది, ఎందుకంటే బీఎండబ్ల్యూ వాళ్లు చెన్నైలో 2007 నుంచి బిగిస్తున్నారు, మెర్సిడెస్ వాళ్లు పుణె దగ్గర అంతకుముందు నుంచే. తుక్కుకు వచ్చిన బండ్లు ఉన్నాయి, వాటి సామాను ఉంది, ఆ పని తెలిసిన పిల్లలు హైదరాబాద్‌లో వందల మంది ఉన్నారు.

కరెంటు బండికి ఆయిల్ లేదు, క్లచ్ లేదు, బెల్ట్ లేదు, నా అన్నం పోయినట్టే. టైర్లు మాత్రం తొందరగా అరుగుతాయి, బరువుకు, ఆ పికప్‌కు. పెర్ఫార్మెన్స్‌కు 19 అంగుళాల టైర్లు, డిక్కీలో స్టెప్నీ ఉండదు, గాలి కొట్టే కిట్ ఉంటుంది. పై ఆయనకు జనగామలో అయినట్టు పక్క గోడ చీలితే ఆ కిట్ దేనికీ పనికిరాదు. బ్యాటరీకి 8 ఏళ్లు, లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. నువ్వు తిరిగే లెక్కకు ఐదేళ్లలో ఆ కిలోమీటర్లు అయిపోతాయి, అది కూడా చూసుకో.

బీవైడీ అంటే కొత్త కంపెనీ అనుకుంటున్నారు చాలామంది. 1995లో బ్యాటరీలతో మొదలుపెట్టారు, కార్లు 2003 నుంచి. హైదరాబాద్‌లో 2019లో ఎయిర్‌పోర్టుకు ఆర్టీసీ వేసిన 40 ఎలక్ట్రిక్ బస్సులు ఒలెక్ట్రా వాళ్లవి, లోపల టెక్నాలజీ బీవైడీదే. వాటిలో మీలో సగం మంది ఎక్కే ఉంటారు. బ్యాటరీ మీద నాకు భయం లేదు. సీల్‌ను మన దేశంలో బిగించకపోవడం మీద ఉంది. పూర్తి బండి ఓడలో వస్తుంది, ముందు అద్దం పగిలినా, హెడ్‌లైట్ పోయినా ఎన్ని రోజులకు ఇస్తారో షోరూం వాళ్లతో కాగితం మీద రాయించుకో.


వడ్లలెక్క:

పై అన్నలు అందరూ స్టీరింగ్, సుద్ద అంటున్నారు, ఎవరూ టాక్స్ చెప్పలేదేంది?

మన దగ్గర 20 లక్షలు దాటిన పెట్రోల్ కారుకు లైఫ్ టాక్స్ వందకు 18కి తక్కువ పడదు. 60 లక్షల బండికి కనీసం 10 లక్షల 80 వేలు అక్కడే పోయాయి, ఇన్సూరెన్స్, మిగతావి కలిపితే 330ఎల్ఐ నీ 70ని దాటుతుంది. ఎలక్ట్రిక్‌కు 2024 నవంబర్ 18 నుంచి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మాఫీ, 2026 డిసెంబర్ 31 దాకా. బండి ధర ఎంతైనా సరే. అంటే 45.55ది ఇన్సూరెన్స్ కట్టుకుని 48 లోపు రోడ్డెక్కుతుంది. తేడా 20 లక్షల పైనే.

జీఎస్టీ కూడా చూడు, ఎలక్ట్రిక్‌కు 5 శాతం, పెద్ద పెట్రోల్ బండ్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. సీల్‌కు కస్టమ్స్ సుంకం వాచిపోతుంది కాబట్టి గానీ, ఇక్కడే తయారైతే ఈ పోటీయే ఉండేది కాదు.

అమ్మేటప్పుడు మాత్రం సీల్ దెబ్బ తింటుంది, అది ముందే రాసి పెట్టుకో. సెకండ్ హ్యాండ్‌లో 3 సిరీస్‌ను కొనడానికి మన దగ్గర కూడా జనం ఉన్నారు, ఫోన్ చేస్తే నలుగురు వస్తారు. పాత సీల్‌కు ఎవడు ఎంత పెడతాడో చెప్పగలిగిన డీలర్ నాకింకా తగలలేదు. నా లెక్కలో అయిదేళ్లకు సీల్‌కు 15 లక్షలే వస్తాయని పెట్టుకున్నా, పెట్రోల్, టాక్స్ మిగులు కలిపి అదే ముందుంది. కానీ నువ్వు రెండేళ్లకోసారి బండి మార్చే రకం అయితే ఈ లెక్క తిరగబడుతుంది. 2014 బండిని ఇంకా నడుపుతున్నావంటే ఆ రకం కాదు.


దుర్గం_చెరువు_బావ:

ఇన్ని మాటలు ఎందుకు, సీ క్లాస్ తీసుకో, పెళ్లిళ్లలో గేటు దగ్గర మర్యాదే వేరు.


హంటర్‌రోడ్_వాసి:

అందరికీ దండాలు. బావా, పెళ్లి గేటు మర్యాద కోసం ఒక పూట అద్దెకు తెచ్చుకుంటాలే.

జాకీ అన్న చెప్పినట్టే చేశాను. సీల్ ప్రీమియం, 330ఎల్ఐ రెండూ ఇంటికి తెప్పించాను, వేరే వేరే ఆదివారాలు. మా వీధిలో ఆ బ్రేకర్‌కు సుద్ద రుద్దుతుంటే పక్కింటి పిల్లలు తొక్కుడుబిళ్ల గీస్తున్నాననుకుని వచ్చి నిలబడ్డారు. అయిదుగురం ఎక్కాం, డిక్కీలో రెండు మిర్చి బస్తాలు పెట్టాను, షోరూం కుర్రాడి మొహం చూడాల్సింది. సూటిగా దాటిస్తే సీల్‌కు మధ్యలో ప్లాస్టిక్ షీల్డ్ మీద జానెడు తెల్ల గీత పడింది. ఏటవాలుగా దాటిస్తే ఏమీ లేదు. 330ఎల్ఐకి సూటిగా పోయినా వేలెడు గీతే. అంటే తేడా ఉంది, కానీ నేను భయపడ్డంత లేదు. కాకపోతే మా వీధి ఇరుకు, ఏటవాలుగా తిప్పాలంటే ఎదురుగా ఆటో లేకుండా చూసుకోవాలి.

స్టీరింగ్ సంగతి ఆరుసిలిండర్లు అన్న చెప్పింది రెండోసారి నడిపినప్పుడు అర్థమైంది. తాడ్వాయి దాకా పోలేదు గానీ హసన్‌పర్తి దాటాక ఒక మలుపులో తెలిసింది. 330ఎల్ఐ నాకు నచ్చింది, దాచేదేం లేదు. కానీ నేను వారానికి రెండుసార్లు పోయేది తాడ్వాయి అడవిలోంచి కాదు. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్, తర్వాత ఉప్పల్ దగ్గర ఆ ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు సీల్‌లో నాకు బీపీ రాలేదు.

ఇక బాపు. రెండు బండ్లలోనూ ఘట్‌కేసర్ దాకా వెనక కూర్చోబెట్టి తీసుకుపోయాను. 330ఎల్ఐలో రఘునాథపల్లి టోల్ దాటకముందే గురక. కాళ్లు చాపుకోవడానికి చోటు మస్తుంది, సీటు కింద తొడకు ఆనుతుంది. సీల్‌లో చోటు ఉంది గానీ బ్యాటరీ వల్ల ఫ్లోర్ ఎత్తు, మోకాళ్లు కొంచెం పైకి లేస్తాయి. దిగాక అడిగితే "మోకాళ్లు మునిలెక్క ముడుచుకున్నయిరా, కానీ సప్పుడు లేదు, మీ అమ్మ ఫోన్ల మాట్లాడేది మంచిగ వినపడ్డది" అన్నాడు. ఇది పొగడ్తో ఫిర్యాదో ఇప్పటికీ తేలలేదు. ముందు సీట్లో కూర్చోబెట్టి చూస్తే మోకాళ్ల ఇబ్బంది లేదన్నాడు. పైగా ఆ పెద్ద స్క్రీన్‌ను నిలువుగా అడ్డంగా తిప్పే బటన్ కనిపెట్టాడు, ఆలేరు నుంచి ఇంటిదాకా అది తిరుగుతూనే ఉంది.

53ది వదిలేశాను. ఒక్క కారణం చాలు, ఆ పికప్ ఇంకోసారి చూపించమని మా చిన్నోడు రోజూ అడుగుతున్నాడు, బండి ఇంట్లో ఉంటే నేను ఆగలేను.

సోమవారం ఈవీ మీటర్‌కు దరఖాస్తు పెడుతున్నా. బండి బుక్ చేయలేదింకా, హెడ్‌లైట్, ముందు అద్దం ఎన్ని రోజులకు ఇస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను, మేనేజర్ అడిగి చెబుతాం అన్నారు. కరీంనగర్ అన్నా, ఛార్జర్ డబ్బా ఎండ తగిలే గోడకు పెట్టొచ్చా, లేక షెడ్ వేయించాలా? మా పోర్టికోలో ఆక్టేవియా ఉంది, దాన్ని మాత్రం అమ్మను.


కరెంటుబండి_కరీంనగర్:

నీడ ఉంటే మంచిదన్నా, ఒక రేకు ముక్క చాలు. ఎర్తింగ్ మాత్రం కొత్తగా వేయించు, పాత ఇంటి ఎర్తింగ్ మీద కొన్ని ఛార్జర్లు మొదలే కావు. బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండు. రంగు ఏది అనుకుంటున్నావు? తెలుపు తీసుకోకు, మన ఎర్రమట్టికి వారంలో గులాబీ అవుతుంది.